పొగలేని ప్రయాణానికి జనం ఎంత చెల్లిస్తారు? హైదరాబాద్ బస్సు, మెట్రో చెబుతున్న లెక్క

2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సుల్లో టికెట్ ధర మారింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ-ఆర్డినరీ, ఈ-ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. మెట్రో డీలక్స్, ఈ-మెట్రో ఏసీ బస్సుల్లో మొదటి స్టేజీకి 5, రెండో స్టేజీ నుంచి 10. ఛార్జీలు పెరగడం హైదరాబాద్ వాళ్లకు కొత్తేమీ కాదు. కానీ ఈసారి చెప్పిన కారణం కొత్తది. డీజిల్ ధర పెరిగిందనో, జీతాల భారం ఉందనో ఆర్టీసీ అనలేదు. నగరంలోని డీజిల్ బస్సుల స్థానంలో దశలవారీగా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తేవాలి, వాటి కోసం 10 కొత్త డిపోలు, 10 చార్జింగ్ స్టేషన్లు కట్టాలి, అందుకు 392 కోట్లు కావాలి అని చెప్పింది.

అంటే పొగలేని బస్సు కోసం ప్రయాణికుడు ముందుగానే కొంత ఇవ్వాలన్నమాట. ఇవ్వడానికి జనం సిద్ధంగా ఉన్నారా? ఉంటే ఎంతవరకు? ఎవరు ఇవ్వగలరు, ఎవరు ఇవ్వలేరు? ప్రపంచంలో చాలా నగరాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ఆర్థికశాస్త్రంలో దీనికి ఒక పేరు, కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి.

చెల్లింపు సంసిద్ధత అంటే ఏమిటి

ఒక వస్తువు కోసమో, సౌకర్యం కోసమో మనిషి గరిష్ఠంగా ఎంత ఇవ్వడానికి ఒప్పుకుంటాడో ఆ మొత్తాన్ని చెల్లింపు సంసిద్ధత అంటారు. బేగంబజార్‌లో బేరమాడేటప్పుడు కొనేవాడి మనసులో 'ఇంతకు మించి ఇవ్వను' అని ఒక అంకె ఉంటుంది కదా, అదే.

బియ్యానికో బట్టలకో ఈ అంకె తెలుసుకోవడం సులువు. మార్కెట్‌లో ఏం కొన్నారో చూస్తే చాలు. శుభ్రమైన గాలి అలా దొరకదు. దానికి దుకాణం లేదు, కిలో ధర లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరు డబ్బు కట్టి గాలిని శుభ్రం చేస్తే కట్టనివాళ్లు కూడా అదే గాలి పీలుస్తారు. 'పక్కవాడు కడతాడులే, నాకెందుకు' అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది. అందుకే ఇలాంటి పనులకు చందా పెట్టె సరిపోదు. టికెట్, పన్ను, సెస్ లాంటి అందరికీ వర్తించే దారి ఏదో ఒకటి కావాలి.

సంసిద్ధత వేరు, స్తోమత వేరు అన్నది మరిచిపోకూడని సంగతి. మలక్‌పేటలో మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు ఎలక్ట్రిక్ బస్సు కోసం 5 రూపాయలు ఎక్కువ ఇవ్వనంటే అతనికి గాలి మీద పట్టింపు లేదని అర్థం కాదు. ఆ 5 రూపాయలకు ఇంట్లో ఇంకో అవసరం కాచుకుని ఉందని అర్థం. పొగ అందరికంటే ఎక్కువ పీల్చేది కూడా అలాంటివాళ్లే. రోడ్డు పక్క బండి పెట్టుకున్నవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ట్రాఫిక్‌లో బైక్ మీద గంటలు గడిపేవాళ్లు. జేబులో ఉన్నదాన్ని బట్టి మాత్రమే కోరికను కొలిస్తే వీళ్ల ఊపిరికి విలువ తక్కువ అన్నట్టు లెక్క తేలుతుంది.

దాన్ని ఎలా కొలుస్తారు

ముఖ్యంగా రెండు దారులు. మొదటిది, జనం నిజంగా ఏం చేస్తున్నారో చూడటం. ఏసీ బస్సు కోసం ఆర్డినరీ బస్సు వదిలేసినవాళ్లు ఎందరు? మెట్రో ధర పెరిగాక ఎందరు మానేశారు? ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఎంత ఎక్కువ పెట్టి కొన్నారు? ఇది చేతల లెక్క.

రెండోది, నేరుగా అడగడం. 'గాలి ఇంత మెరుగవుతుందంటే నెలకు ఇంత ఎక్కువ ఇస్తారా' అని సర్వేలో అడిగి సమాధానాలను కూడుతారు. ఈ ఆలోచనను 1947లోనే అమెరికా ఆర్థికవేత్త సిరియాసీ వాన్‌ట్రప్ ప్రస్తావించాడు. 1963లో రాబర్ట్ డేవిస్ తన పరిశోధనలో దాన్ని ఆచరణలో పెట్టాడు. 1989లో ఎక్సాన్ వాల్దెజ్ ఓడ అలాస్కా తీరంలో చమురు ఒలకబోసినప్పుడు నష్టం లెక్క కట్టడానికి ఇదే పద్ధతి వాడటంతో పెద్ద వాదం నడిచింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలోల నాయకత్వంలో ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 1993లో ఆ బృందం కొన్ని నియమాలు చెప్పింది. 'ఎంత ఇస్తారు' అని గాల్లో అడగకూడదు, 'ఇంత ఇస్తారా, లేదా' అని ఓటు అడిగినట్టు అడగాలి. ఆ డబ్బు ఇస్తే ఇంటి ఖర్చులో మరొకటి తగ్గుతుందని గుర్తు చేయాలి.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. సర్వే కాగితం మీద అందరూ దాతలే. 'అవునండీ, పర్యావరణం ముఖ్యమే, 10 రూపాయలు ఎక్కువైనా ఇస్తాం' అంటారు. తీరా కండక్టర్ టికెట్ చింపి ఇచ్చేటప్పుడు మాట మారుతుంది. కొందరు దీనికి పూర్తిగా ఎదురు. అడిగితే సున్నా అంటారు. శుభ్రమైన గాలి వద్దని కాదు. 'అది సర్కారు పని, మళ్లీ మా దగ్గరే ఎందుకు వసూలు' అన్న నిరసన అది. ఈ రెండు రకాల జవాబులనూ వేరు చేయకపోతే సర్వే తప్పుదారి పట్టిస్తుంది.

హైదరాబాద్‌లో ఇప్పటికే నడుస్తున్న పరీక్ష

హైదరాబాద్‌కు వేరే సర్వే అక్కర్లేదు అనిపిస్తుంది. ఒకే నగరంలో నాలుగు రకాల ధరలతో నాలుగు రకాల ప్రయాణాలు నడుస్తున్నాయి.

మొదటిది ఆర్టీసీ బస్సు. ఈ సంస్థ మూలాలు నిజాం కాలంలో ఉన్నాయి. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఎలక్ట్రిక్ బస్సులు ఇక్కడికి 2019లో వచ్చాయి. అప్పుడు 40 బస్సులు, ఎక్కువగా ఎయిర్‌పోర్ట్ దారిలో నడిచేవి. అంటే మొదట పొగలేని బస్సు ఎక్కింది విమానం ఎక్కే ప్రయాణికుడే. 2023 సెప్టెంబర్‌లో గ్రీన్ మెట్రో లగ్జరీ ఏసీ బస్సులు నగరంలోకి వచ్చాయి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఈ బస్సులు చాలావరకు ఆర్టీసీ సొంతం కావు. కంపెనీ బస్సు కొని నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటర్‌కు ఇంత అని చెల్లిస్తుంది. కాబట్టి బస్సు నిండినా ఖాళీగా తిరిగినా ఆర్టీసీ బిల్లు అంతే. బస్సు నిండితేనే ఈ లెక్క నిలబడుతుంది.

రెండోది మెట్రో. 2017 నవంబర్‌లో మొదలై, ఇప్పుడు మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. మొదట్లో కనీస టికెట్ 10, గరిష్ఠం 60 రూపాయలు. 2025 మే 17న అది 12, 75 అయింది. విమర్శలు రావడంతో వారంలోపే 10 శాతం తగ్గించి 11, 69 చేశారు. నిర్మించి నడిపిన ఎల్ అండ్ టీ ఏళ్ల తరబడి నష్టాల గురించి చెబుతూ వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. టికెట్ ధర ఒక్కదానితో ఇంత పెద్ద వ్యవస్థ ఖర్చు రాబట్టడం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

మూడోది ఎంఎంటీఎస్. 2003 ఆగస్టు 9న మొదలైన ఈ లోకల్ రైలు కరెంటుతోనే నడుస్తుంది. కనీస టికెట్ 5 రూపాయలు. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాఖుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ. ఇవన్నీ దాని స్టేషన్లే. అంటే పాతబస్తీకి పొగలేని, చవకైన రవాణా ఇరవై ఏళ్ల కిందే వచ్చింది. అయినా ఆ రైళ్లు బస్సులతో పోటీ పడలేకపోయాయి. ధర అడ్డు కాదు. రైలుకూ రైలుకూ మధ్య ఎడం, స్టేషన్ వరకు వెళ్లే దారి, టైముకు వస్తుందో రాదో అన్న అనుమానం. ఇవే అడ్డు. కూలి పోయే మనిషికి అరగంట ఎదురుచూపు 5 రూపాయల కంటే ఖరీదు. సంసిద్ధత లెక్కలో ఇదే ముఖ్యమైన పాఠం: జనం చెల్లించేది డబ్బు ఒక్కటే కాదు, సమయం కూడా.

నాలుగోది ఉచిత ప్రయాణం. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. 2025 జూలై నాటికి జీరో టికెట్ల సంఖ్య 200 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే వచ్చింది. ఉచితం అంటే ఎవరూ చెల్లించలేదని కాదు. టికెట్ డబ్బు ప్రభుత్వం కడుతుంది, అంటే పన్ను కట్టే ప్రతి ఇల్లూ కడుతుంది. అగ్గిపెట్టె కొన్నా పన్ను ఉన్నదే కదా. ఈ పథకం వచ్చాక కొందరు ఆడవాళ్లు షేర్ ఆటో మాని బస్సు ఎక్కారు. కొందరు ఇదివరకు చేయని ప్రయాణాలు చేయడం మొదలుపెట్టారు. కోఠిలో కుట్టు పనికి, ఉస్మానియా ఆసుపత్రికి, కాలేజీకి.

బైక్ ముందు బస్సు ఎందుకు ఓడిపోతుంది

ఒక ఇంటి లెక్క చూద్దాం. చాంద్రాయణగుట్టలో ఉండే ఒక యువకుడు రోజూ రానూపోనూ 20 కిలోమీటర్లు పనికి వెళ్తాడనుకుందాం. నెలకు 25 రోజులు అంటే 500 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైక్‌కు 10 లీటర్లు చాలు. లీటరు సుమారు 107 రూపాయలు అనుకుంటే నెలకు 1,070 రూపాయలు.

ఇప్పుడు బస్సు. 2025 జూన్‌లో ఆర్డినరీ పాస్ 1,150 నుంచి 1,400కి పెరిగింది. మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600కి, మెట్రో డీలక్స్ పాస్ 1,450 నుంచి 1,800కి. పాస్ లేకుండా రోజూ టికెట్ కొనేవాళ్లకు అక్టోబర్ పెంపు వల్ల నాలుగు స్టేజీలు దాటే ప్రయాణంలో రోజుకు 20, నెలకు 500 రూపాయలు అదనం. దగ్గర ప్రయాణమైతే నెలకు 250.

బైక్ ఈఎంఐ, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, టైర్లు కలిపితే బస్సే చవక అని తేలవచ్చు. కానీ ఇంట్లో బైక్ ఎలాగూ ఉంది. పెళ్లిలో వచ్చిందో, అన్నయ్య వాడి ఇచ్చిందో. పొద్దున ఇంటి నుంచి బయల్దేరేవాడు పెట్రోల్ డబ్బు ఒక్కటే లెక్కేస్తాడు. వెనక సీట్లో తమ్ముడు కూర్చుంటే ఆ ఖర్చు సగమవుతుంది. బస్సులో ఇద్దరికి రెండు టికెట్లు.

అందుకే పెద్ద చిక్కు వస్తుంది. పర్యావరణం పేరుతో బస్సు ఛార్జీ పెంచితే కొందరు బస్సు దిగి బైక్ ఎక్కుతారు. అప్పుడు రోడ్డు మీద పొగ తగ్గదు, పెరుగుతుంది. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోలు వస్తాయి. డీజిల్ బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తూ రోజుకు 200 కిలోమీటర్లు తిరుగుతుందనుకుంటే 50 లీటర్లు, అంటే 135 కిలోలు. ఆ బస్సు స్థానంలో ఎలక్ట్రిక్ బస్సు వస్తే బస్టాపులో నిలబడ్డ పిల్లల ముఖం మీద పొగ ఉండదు. కరెంటు ఇంకా చాలావరకు బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి మొత్తం లాభం అంతటిది కాదు. కానీ నగరం నడిమధ్య పొగ తగ్గడం నిజమైన లాభమే. గాలిలోని అతి సన్నని ధూళి ఏడాది సగటు ఘనపు మీటర్‌కు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. భారత ప్రమాణం 40. గాలి నాణ్యత మెరుగుపరచాల్సిన నగరాల జాతీయ జాబితాలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి.

పాతబస్తీ చెల్లిస్తున్న వేరే ధర

మెట్రో తొలి ప్రణాళికలో గ్రీన్ లైన్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు ఉండాలి. 2020 ఫిబ్రవరిలో అది మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఆ లైను చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ వైపు రోడ్డు వెడల్పు కోసం ఆస్తుల సేకరణ, కూల్చివేతలు జరిగాయి.

లేని రైలుకు ఎవరూ టికెట్ కొనలేరు. కాబట్టి 'పాతబస్తీ వాళ్లు మెట్రోకు డబ్బు ఇవ్వరు' అన్న వాదనకు ఆధారం లేదు. పరీక్షే జరగలేదు మరి. ఇంకోవైపు చూస్తే పాతబస్తీ ఇప్పటికే చెల్లిస్తోంది. తాతల నాటి దుకాణం ముందు భాగం వదులుకున్న కుటుంబం నష్టపరిహారం తీసుకుని ఉండవచ్చు. కానీ పోయిన గిరాకీ, పాత ఇంటి జ్ఞాపకం, మసీదు పక్కనే ఉన్న అనుకూలత ఏ చెక్కులోనూ కనబడవు. శుభ్రమైన రవాణాకు ప్రజలు ఇచ్చే ధరలో ఇది కూడా ఒకటి. టికెట్ మీద మాత్రం అచ్చు కాదు.

ఆటో నడిపేవాడి లెక్క

ఎంతోమంది ముస్లిం కుటుంబాలకు ఆటోయే జీవనాధారం. అందుకే ఎలక్ట్రిక్ మార్పు వాళ్ల ఇంటి పొయ్యి దాకా వచ్చే విషయం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి అమలైన ఈవీ విధానం కింద ఎలక్ట్రిక్ ఆటోలతో సహా ఈ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. గడువు 2026 డిసెంబర్ 31 వరకు.

ఎలక్ట్రిక్ ఆటో కొనేటప్పుడు ఖర్చు ఎక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. కాగితం మీద కొన్నేళ్లలో లాభమే. అయినా డ్రైవర్ వెనకాడటానికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, కిరాయి ఆటో. బండి ఒకరిది, నడిపేవాడు వేరొకరు. రోజు కిరాయి ఇచ్చి తీసుకునే డ్రైవర్ గ్యాస్ ఖర్చు భరిస్తాడు. యజమానికి ఆ ఖర్చు పట్టదు కాబట్టి ఖరీదైన ఎలక్ట్రిక్ బండి కొనే తొందర ఉండదు. ఆదా అయ్యేది ఒకరికి, పెట్టుబడి ఇంకొకరిది.

రెండు, అప్పు. బ్యాంకు దగ్గర ఆదాయ పత్రాలు లేనివాళ్లు ప్రైవేట్ ఫైనాన్స్ దగ్గరకు వెళ్లాలి. వడ్డీ ఎక్కువ. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు ఆ దారే మూసుకుపోతుంది. ఇక్కడ సంసిద్ధత ఉంది, తలుపు లేదు. వాయిదాల మీద వస్తువు అమ్మే పద్ధతి, సహకార సొసైటీ ద్వారా కొనడం, సబ్సిడీని మొదటి కిస్తీలోనే తగ్గించి ఇవ్వడం లాంటి ఏర్పాట్లు ఉంటే ఈ తలుపు తెరుచుకుంటుంది.

మూడు, చార్జింగ్. గల్లీలో ఇంటి ముందు బండి పెట్టే చోటే ఉండదు, ప్లగ్ ఎక్కడిది? చార్జింగ్ కోసం నిలబడ్డ గంట సంపాదన లేని గంట. బ్యాటరీ పాతబడితే మార్చడానికి అయ్యే ఖర్చు భయం కూడా ఉంది.

మహాలక్ష్మి వచ్చాక గిరాకీ తగ్గిందని ఆటో డ్రైవర్లు నిరసనలు చేశారు. ఒకే ఇంట్లో అమ్మీకి, చెల్లెలికి బస్సు ఉచితం, అబ్బాకు గిరాకీ తక్కువ. పర్యావరణానికి, మహిళలకు మంచి చేసిన పని బిల్లు ఇంకొకరి మీద పడకుండా చూడటం కూడా ప్రభుత్వ లెక్కలో ఉండాలి.

వేరే నగరాల అనుభవం

ఢిల్లీలో జనాన్ని అడగలేదు, కోర్టు ఆదేశించింది. 1998 జూలై 28న సుప్రీంకోర్టు బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని చెప్పింది. గడువు 2001 మార్చి 31. ఆ రోజుల్లో బస్సులు దొరకక ప్రయాణికులు, గ్యాస్ కోసం రాత్రంతా క్యూలో నిలబడ్డ ఆటోడ్రైవర్లు చాలా ఇబ్బంది పడ్డారు. 2002 చివరికి మార్పు దాదాపు పూర్తయింది. అదే నగరంలో 2017లో మెట్రో గరిష్ఠ టికెట్ రెండు విడతల్లో 30 నుంచి 60 రూపాయలకు చేరింది. రెండో పెంపు వచ్చిన అక్టోబర్‌లో రోజువారీ ప్రయాణికులు అంతకుముందు నెల కంటే సుమారు 3 లక్షలు తగ్గారు. సంసిద్ధతకు హద్దు ఎక్కడుందో ఆ నెల చూపించింది. బెంగళూరులో 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్ 90 రూపాయలు చేసినప్పుడు కూడా ప్రయాణికులు తగ్గారు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ వేరే దారి పట్టింది. నగరం లోపలికి వచ్చే కార్ల మీద రుసుము పెట్టాలన్నప్పుడు జనం ఎక్కువమంది వద్దన్నారు. 2006 జనవరి నుంచి జూలై వరకు ప్రయోగాత్మకంగా పెట్టారు. దానికి ముందే బస్సులు పెంచారు. హద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. రోడ్డు ఖాళీ కావడం కళ్లతో చూశాక సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో సగానికి పైగా అవునన్నారు. 2007లో అది శాశ్వతమైంది. స్కాట్లాండ్ నగరం ఎడిన్‌బరో 2005లో ప్రయోగం లేకుండానే ముందు ఓటు అడిగింది. 74 శాతం మంది వద్దన్నారు. పథకం అక్కడితో ముగిసింది.

లండన్ 2003 ఫిబ్రవరి 17న రోజుకు 5 పౌండ్ల రుసుము మొదలుపెట్టింది. ఆ ఆదాయం రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టంలో రాసుకున్నారు. జర్మనీ 2022 వేసవిలో మూడు నెలలపాటు నెలకు 9 యూరోల టికెట్ ఇస్తే సుమారు 5.2 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. దాని తర్వాత 2023 మేలో 49 యూరోల టికెట్ వచ్చింది, 2025 జనవరిలో 58 యూరోలైంది. టికెట్ డబ్బుతో సరిపోని ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటున్నాయి. లక్సెంబర్గ్ 2020లో బస్సు, ట్రామ్, రైలు అన్నీ దేశమంతా ఉచితం చేసింది, రైలు ఫస్ట్ క్లాస్ తప్ప.

జనం ఎప్పుడు సరేనంటారు

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే కొన్ని సంగతులు తేలుతాయి.

ముందు సేవ, తర్వాత రుసుము అయితే ఒప్పుకుంటారు. స్టాక్‌హోమ్‌లో బస్సులు ముందు వచ్చాయి. హైదరాబాద్‌లో టికెట్ ముందు పెరిగింది, చాలా దారుల్లో ఎలక్ట్రిక్ బస్సు ఇంకా రావాల్సి ఉంది.

డబ్బు ఎక్కడికి వెళ్తోందో కనబడాలి. 392 కోట్లలో ఇంత వసూలైంది, ఇన్ని డిపోలు పూర్తయ్యాయి అని నెలనెలా బస్టాండులో బోర్డు పెడితే అనుమానం తగ్గుతుంది. ప్రజల సొమ్ము అమానత్. లెక్క చెప్పడం దయ కాదు, బాధ్యత.

భారం న్యాయంగా పడాలి. పొగ ఎక్కువ వదిలేవాళ్లు ఎక్కువ కట్టాలి అన్నది అందరికీ అర్థమయ్యే మాట. బస్సు ఎక్కేవాడు ఇప్పటికే తక్కువ పొగ వదులుతున్నాడు. ఒక్కడే కారులో తిరిగేవాడి మీద పార్కింగ్ రుసుము లేకుండా బస్సు టికెట్ మీద మాత్రమే పర్యావరణ భారం వేస్తే అది తిరగబడ్డ లెక్క.

సౌకర్యం నిజంగా మెరుగవ్వాలి. టైముకు రావడం, కూర్చోవడానికి చోటు, రాత్రిపూట ఆడపిల్లలకు భద్రత, స్టాపు దగ్గర నీడ. వీటికి జనం ఇష్టంగానే ఇస్తారు. పొగ తగ్గుతుందన్న ఒక్క మాటకు అంతగా ఇవ్వరు. రెండూ కలిసి రావాలి.

దారిలో జనానికి హాని చేసేదాన్ని తొలగించడం కూడా సదఖా అని ముస్లిం ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. ముల్లు, రాయి కంటికి కనబడతాయి. పొగ గాలిలో కలిసిపోతుంది, హాని మాత్రం ఉంటుంది. ఆ బాధ్యతను గుర్తించే కుటుంబాలు తమ వంతు ఇవ్వడానికి వెనకాడవు. తమ వంతు ఎంత అన్నదే ప్రశ్న.

కుటుంబాలు చేయదగిన పనులు

ఇంటి రవాణా ఖర్చు ఒక నెల రాసి చూడటం మొదటి పని. పెట్రోల్, సర్వీసింగ్, ఆటో, టికెట్, స్కూల్ వ్యాన్ అన్నీ. బైక్‌కు పెట్రోల్ ఒక్కటే ఖర్చు అనుకునే ఇంట్లో ఈ లెక్క ఆశ్చర్యపరుస్తుంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు అందే దారులు, ఎంఎంటీఎస్ టైములు తెలుసుకుంటే కొన్ని ప్రయాణాలు చవకగా మారతాయి. ఆటో కొనాలనుకునేవాళ్లు పన్ను మినహాయింపు గడువు చూసుకుని, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోవాలి.

ఇంకో పని నోరు తెరిచి చెప్పడం. మెట్రో ఛార్జీల కమిటీ 2022లో ప్రజల సూచనలు అడిగింది, నవంబర్ 15 వరకు గడువిచ్చింది. ఆ కమిటీ 2023 జనవరిలో ఇచ్చిన నివేదిక ఆధారంగానే 2025లో ధరలు మారాయి. అంటే టికెట్ పెరగడానికి రెండున్నరేళ్ల ముందే మాట్లాడే అవకాశం వచ్చి వెళ్లిపోయింది. ఇలాంటి ప్రకటన మళ్లీ వచ్చినప్పుడు బస్తీ కమిటీ, మసీదు కమిటీ, ఆటో యూనియన్ కూర్చుని ఒక కాగితం రాసి పంపవచ్చు. అందులో 'పెంచకండి' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ దారిలో ఎన్ని నిమిషాలకో బస్సు కావాలి, ఏ స్టేషన్‌కు నడిచే దారి లేదు, ఎంత పెరిగితే ఇంటివాళ్లు బస్సు మానేసి బైక్ తీస్తారు అని అంకెలతో రాయాలి. ఛార్జీ నిర్ణయించేవాళ్ల ముందు ఇప్పుడు కంపెనీ ఖర్చుల పట్టిక ఉంటుంది. దాని పక్కన యాఖుత్‌పురా ఇంటి ఖర్చుల పట్టిక కూడా ఉండాలి.